గోదావరి పుట్టిన కొండ, ద్రాక్షతోటలు: నాసిక్‌లో ఒకరోజు యాత్ర

తెలుగు నేలను తడిపే గోదావరి మహారాష్ట్రలోని త్ర్యంబకేశ్వరం వద్ద బ్రహ్మగిరిపై జన్మించి, 1,465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. నాసిక్ నగరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ కొండను ఉదయం అధిరోహించి, మధ్యాహ్నం గంగాపూర్ జలాశయ పరిసరాలలోని ద్రాక్షతోటలను, వైన్ తయారీ కేంద్రాలను సందర్శించవచ్చు. ఆ జలాశయం కూడా గోదావరిపై నిర్మించినదే.

యాత్రకు ఎంచుకునే మాసమే ప్రధానం. జూలై నుంచి సెప్టెంబరు వరకు కొండ పచ్చదనంతో, జలధారలతో కనువిందు చేస్తుంది. అయితే రాతిమెట్లు జారుడుగా ఉంటాయి, తోటలలో పండిన గుత్తులు కానరావు. ద్రాక్ష కోతలు జనవరి, మార్చి నెలల మధ్య సాగుతాయి. రెండింటి అందమూ ఒకే రాకలో పూర్తిగా దక్కదు. కోతలు చూడగోరేవారికి ఫిబ్రవరి అనుకూలం. ఎండ ముదరకముందే కొండ దిగడం మేలు. సోమవారాలలో త్ర్యంబకేశ్వరాలయం వద్ద భక్తుల రద్దీ అధికం కనుక మరొక రోజు ఎంచుకోవడం ఉత్తమం.

ఈ ప్రాంతపు సులా సంస్థ తొలి వైన్ 2000 సంవత్సరంలో వెలువడింది. కొండ ఎక్కకముందు వైన్ రుచి చూడటం ఎంతమాత్రం తగదు. తిరుగు ప్రయాణానికి మద్యం ముట్టని డ్రైవరును ముందుగానే ఏర్పాటు చేసుకోవాలి. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉన్న స్థితిలో వాహనం నడపడం మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం నేరం. 2019 సవరణ మేరకు తొలి నేరానికి ఆరు నెలల వరకు జైలు, రూ.10,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.