ప్యూబ్లా విందులో తీపికారపు మిరపకాయ

శ్రావణ భాద్రపద మాసములలో మెక్సికో దేశపు ప్యూబ్లా నగరమునకు పోయి, కాస్త పేరున్న ఏ భోజనశాలలో కూర్చున్నను, అతిథి యెదుటికి వచ్చు పళ్లెమునందు మొదట కంటికి ఆనునది తెల్లని చిక్కని పాకము. దానిపై చల్లిన ఎఱ్ఱని దానిమ్మగింజలు. నడుమ నడుమ పచ్చని పార్స్లీ ఆకులు. ఆ తెలుపు క్రింద, అరచేతి పొడవున, కడుపునిండ కూరు నింపుకొని పరుండియున్నది ఒక ముదురాకుపచ్చని మిరపకాయ. కూరునందు మాంసముతోపాటు ఆపిలు, బేరి, పీచు పండ్ల ముక్కలు, ఎండుద్రాక్ష, బాదము, దాల్చినచెక్క. పైనున్న పాకమునందు పచ్చి అక్రోటు, మేకపాల చీజు, కొంచెము చక్కెర. నాలుకకు తొలుత తీపి తగిలి, పిదప పండ్ల పులుపును మాంసపు రుచియు కలిసి, కట్టకడపట గొంతులో కారము మెల్లగా తల యెత్తును. దీనిని వారు చిలెస్ ఎన్ నొగాదా యందురు. కారమును తీపిని ఒక్క కాయలో కూరి విందులో వడ్డించు విద్య లోకమున పెక్కు చోట్ల కలదు గాని, దాని చుట్టు ఇంత చరిత్రయు ఇన్ని కట్టుకథలును అల్లుకొన్న చోటు మఱొకటి నాకు తోచదు.

ఈ వంటకమునకు మెక్సికనులు చెప్పుకొను పుట్టుకకథ అందమైనది. 1821 ఫిబ్రవరి 24వ తేదీన అగస్టిన్ ద ఇతుర్బిదే యను సేనాని, అంతవరకు తనతో పోరాడుచున్న విప్లవనాయకుడు విసెంతె గెరెరోను కలుపుకొని, ఇగువాలా ప్రణాళికను ప్రకటించెను. మతము, స్వాతంత్ర్యము, ఐకమత్యము అను మూడు హామీలు దానికి పునాదులు. ఆ హామీల పేరనే వెలసిన సైన్యమునకు తెలుపు, ఆకుపచ్చ, ఎఱుపు వన్నెల పతాకము. ఆగస్టు 24న కార్డోబా పట్టణమున, స్పెయిను పక్షమున వచ్చిన హువాన్ ఒదొనొహూ సంధిపత్రముపై చేవ్రాలు చేయుటతో, మూడువందల యేండ్ల పరపాలన ముగింపునకు వచ్చినది. సరిగా నాలుగు దినముల పిమ్మట అగస్టీను మహర్షి పండుగ. సేనాని నామధేయమును అదియే. ప్యూబ్లా నగరమందలి సాంతా మోనికా మఠమువారు అగస్టీను సంప్రదాయపు సన్యాసినులు. తమ మూలపురుషుని పండుగయు విజేత నామదినమును ఒక్కనాడే కలిసివచ్చుటచే, పతాకపు మూడు వన్నెలును పళ్లెములో మెఱయునట్లు ఈ వంటకమును కల్పించి ఆయనకు వడ్డించిరని కథ.

కథకు పోటీ కథ లేకుండునా? అర్తెమియో ద వాయె అరిస్పె యను మెక్సికో నగర చరిత్రలేఖకుడు మఠమును పక్కకు నెట్టి, ముగ్గురు కన్యలను రంగమునకు తెచ్చెను. వారి ప్రియులు ఇతుర్బిదే సైన్యములోనివారట. తిరిగివచ్చు వీరులకు వారి దుస్తుల వన్నెలతోనే విందు చేయగోరి, వంటపుస్తకము ముట్టక, దేవమాతను, వంటింటివారి పాలిటి పుణ్యపురుషుడైన సాన్ పాస్కువాల్ బైలోనును ప్రార్థించి, ముగ్గురును చేయి చేయి కలిపి ఈ పాకమును సాధించిరట. నాకు మాత్రము ఈ రెండవ కథయే నచ్చును. వంటయందు ప్రేమకున్న పాత్ర రాజకీయమునకు లేదు.

ఐనను నచ్చుట వేఱు, నమ్ముట వేఱు. ఈ రెంటిలో దేనికిని ఆనాటి వ్రాతలలో తగిన ఆధారము కనబడలేదని చరిత్రకారులు చెప్పుదురు. ఇక ఇతుర్బిదే భాగ్యమో, 1822లో చక్రవర్తియై, 1823 మార్చిలో సింహాసనము విడిచి, దేశాంతరము పోయి, తిరిగివచ్చిన 1824 జూలైలోనే తుపాకి గుండ్లకు బలియైనది. అట్టి దురదృష్టవంతుని పేర ఒక వంటకము ఇంతకాలము నిలిచినదన్న, అది ఆయన గొప్పతనము కాదు, వంటకపు గొప్పతనము. అసలు మాట యేమనగా, ఆ మూడు వన్నెలను కూర్చినది సన్యాసినులు కారు, ఋతువు. పోపోకాటెపెటల్ అగ్నిపర్వతపు పాదమున కాల్పాన్ వంటి గ్రామములలో అక్రోటుకాయ పెంకు ముదరక పాలుగారుచుండు కాలము, దానిమ్మ పండు కాలము, పీచు బేరి పండ్లు అంగడికి దిగు కాలము, లావుపాటి పచ్చిమిరప కోతకు వచ్చు కాలము, ఇవి యన్నియు జూలై చివర మొదలై సెప్టెంబరుతో ముగియు ఆ కొలది వారములలోనే కలియును. సెప్టెంబరు 16న స్వాతంత్ర్యదినము వచ్చుటయు ఆ కాలముననే. ఆ పళ్లెమును చూచిన దేశభక్తుడెవ్వడో అందు తన పతాకమును గుర్తించి యుండును. పిమ్మటి తరములవారు ఆ పోలికకు ఒక పుట్టుకకథను అమర్చియుందురు. ఇది నా యూహ; కాని పళ్లెములోని దినుసులను ఒక్కొక్కటిగా విచారించినచో అవియు ఇట్లే సాక్ష్యము చెప్పును.

మొదటిది మిరప. ఈ కాయకు పుట్టినిల్లు ఆ దేశమే. ప్యూబ్లా రాష్ట్రపు ఆగ్నేయభాగమున నున్న తెవాకాన్ లోయ గుహలలో 1960 ప్రాంతమున రిచర్డ్ మాక్‌నీష్ జరిపిన త్రవ్వకములలో, వేలయేండ్ల నాటి మిరప అవశేషములు బయల్పడినవి. అజ్టెక్ రాజులకు సామంత ప్రాంతములు కట్టు కప్పములో మూటలకొలది మిరపకాయలుండెడివి. 1529లో అక్కడికి చేరిన బెర్నార్దినో ద సాహగూన్ అను ఫ్రాన్సిస్కను సన్యాసి, స్థానికుల సాయమున కూర్చిన 12 సంపుటముల గ్రంథమున, అంగడిలో మిరప అమ్మువాడు ఎన్ని రకములు పెట్టుకొని కూర్చుండునో తీరికగా వర్ణించెను. నొగాదాకు వాడు రకమును నగరము పేరనే పోబ్లానో అందురు. అదియే పండి యెండినప్పుడు ఆంచో యగును.

మిరప తప్ప పళ్లెములోని తక్కిన వైభవము చాలవఱకు అట్లాంటికు సముద్రము దాటి వచ్చినది. అక్రోటు, దానిమ్మ, బాదము, ద్రాక్ష ఇవి యన్నియు స్పెయినునుండి ఓడ యెక్కినవి. మాంసమును పండ్లతోను సుగంధద్రవ్యములతోను వండుట అరబ్బుల అలవాటు. 1531లో స్పెయినువారు కొత్తగా కట్టిన ప్యూబ్లా నగరమున, ఈ పాకవిద్య స్త్రీమఠముల వంటిండ్లలో వేళ్లూనినది. నాటి సంపన్న కుటుంబముల కన్యలు మఠములలో చేరి, దాసీజనముతో సహా అచ్చటనే నివసించెడివారు. మఠమున విందు జరిగినను, బిషప్పునకు కానుక పంపవలసివచ్చినను మిఠాయిలును పాకములును తయారగుచుండెను. స్పెయిను పుస్తకపు వంటలు చేయు చేతులలో చాలవఱకు స్థానిక స్త్రీలవే. ఆ చేతులు మిరపను ఎట్లు మఱువగలవు? సాంతా మోనికా మఠము 1688లో ఏర్పడినది. పందొమ్మిదవ శతాబ్దపు మధ్యభాగమున వచ్చిన సంస్కరణచట్టములు మఠములను మూసివేసినను, ఇచ్చటి సన్యాసినులు రహస్యద్వారముల వెనుక తమ నివాసమును సాగించిరి. 1934లో ప్రభుత్వమువారు కనుగొనువఱకు అది అట్లే జరిగినది; నేడు అది ప్రదర్శనశాల. ఇంత గుట్టు కాపాడుకొన్నవారు ఒక పాకపు పుట్టుకను గూర్చి ఎవరికిని వ్రాసిపెట్టక పోవుట వింత కాదు.

ఇక దాల్చినచెక్క, లవంగములు వచ్చిన త్రోవ మఱొకటి. 1565 మొదలు 1815 వఱకు ఫిలిప్పీన్ దీవులనుండి, ముఖ్యముగా మనీలా రేవునుండి, మెక్సికో పడమటి తీరపు అకపుల్కోకు స్పెయిను ఓడలు సాగుచుండెను. వానితో తూర్పుదేశపు పట్టు, పింగాణి, సుగంధద్రవ్యములు వచ్చెడివి. ఆ ఓడలలోనే మనుష్యులును సరకులై వచ్చిరి. పదునేడవ శతాబ్దపు తొలిభాగమున, పోర్చుగీసువారు పట్టుకొని కొచ్చిన్ గుండ మనీలాకు, మనీలానుండి ప్యూబ్లాకు దాసిగా అమ్మిన హిందూదేశపు బాలిక ఒకతె, కతరీనా ద సాన్ హువాన్ అను పేర ఆ నగరముననే జీవించి, పుణ్యస్త్రీగా పూజలందుకొని, 1688లో అచ్చటనే కన్నుమూసెను. ఆమెను సమాధిచేసినది జెసూటుల దేవాలయములో. సాంతా మోనికా మఠము వెలసిన యేడాదియే అది. ఆమె వంటయింటి ముచ్చట ఏదియు మనకు మిగులలేదు. కాని మనదేశపు మనిషియు మెక్సికో మిరపయు ఒకే వీథిలో తారసపడిన ఆ నగరమును తలచుకొన్నపుడు, మన వంటింటికి ఆ వీథి అంత దూరము కాదనిపించును.

ఈ పాకమును చేయుటలో ఓపిక కావలసిన ఘట్టములు రెండు. మొదటిది మిరపకాయ తొక్క. కాయను నేరుగా మంటపై నుంచి, పచ్చడికి వంకాయను కాల్చినట్లే, పైతొక్క నల్లబడి బుడగలెత్తువఱకు త్రిప్పుచు కాల్చవలెను. వేడిమీదనే తడిగుడ్డలో చుట్టియో, మూతపెట్టిన గిన్నెలో నుంచియో పదినిమిషములు ఉమ్మగిలనిచ్చిన, తొక్క తనంత తాను వదలును. నీటితో కడుగరాదు, కాలిన వాసనయంతయు పోవును. తొడిమ తెగనీక, ఒకవైపు నిలువున గాటుపెట్టి, లోపలి గింజలను, వానిని పట్టుకొనియున్న తెల్లని పొరను గోటితో మెల్లగా లాగివేయవలెను. గింజలలో కారమున్నదని లోకము నమ్మును గాని, కారము పుట్టునది ఆ తెల్లపొరలో. గింజలకున్నది దాని స్పర్శ మాత్రమే. రెండవ ఘట్టము అక్రోటు తొక్క. పచ్చి అక్రోటు పప్పుపై నుండు గోధుమవన్నె పలుచని పొరను ఒక్కొక్క పప్పునకు ఒలువవలెను. ఒలువక రుబ్బినచో పాకము చేదెక్కి, తెలుపు చెడును. ఇల్లంతయు కూర్చుండి వ్రేళ్లు నల్లబడునట్లు ఒలుచు పని ఇది. ప్యూబ్లా గృహిణులు కబుర్లాడుకొనుచు చేయుదురు. తొందరపడువారు మిక్సీలో వేసి, తెల్లదనము తగ్గినదేమని విచారింతురు.

కారమును తీపితో కొలుచుట శాస్త్రమందును కలదు. 1912లో అమెరికా ఔషధశాస్త్రజ్ఞుడు విల్బర్ స్కోవిల్, మిరప రసమును చక్కెరనీటితో పలుచబఱచుచు, రుచిచూచువారికి మంట తెలియకపోవు మట్టమును లెక్కించెను. ఆ లెక్కలో పోబ్లానోకు 1,000 నుండి 2,000 అంకెలు. గుంటూరు సన్నమునకు ముప్పదివేలు దాటును. మిరపకారము క్రొవ్వునందు కరగును గాని నీటిలో కరగదు. కావుననే అక్రోటు నూనె, చీజు వెన్న కలిసిన తెల్లని పాకము నాలుకను చల్లార్చును. నీళ్లు త్రాగుట వృథా.

ఈ మిరపయే పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసు ఓడలలో మన తీరమును చేరినది. అంతకుముందు మన కారమంతయు మిరియాలది, అల్లముది. వచ్చిన అతిథి ఇంటివానిని వెడలగొట్టినంత పనిచేసినను, కడుపు చీల్చి కూరు నింపు విద్యను మన వంటింటివారు ఎవ్వరి వద్దను నేర్చుకొనలేదు; గుత్తివంకాయ చేసిన చేయికి కొత్త కాయ దొరికినది, అంతే. చింతపండు గుజ్జులో వాము, ఉప్పు, ఇష్టమైనవారు చిటికెడు బెల్లము కలిపి కూరిన బజ్జీ మిరపకాయను శనగపిండిలో ముంచి నూనెలో వేయుచున్న ప్రతి బండియు, తెలిసియో తెలియకయో, ప్యూబ్లా వంటిండ్లలో జరిగిన పనినే సాగించుచున్నది. పులుపు తీపి కారముల కొలత మాత్రము వేఱు.

ఇక నొగాదాలోని మఱొక దినుసు విషయమున మెక్సికనులు ఇటీవల మారవలసివచ్చినది. కూరులో వేయు అసిత్రోన్ అనునది బిస్నాగా అను పెద్ద గుండ్రని జెముడుచెట్టు గుజ్జును చక్కెరపాకములో ఊరబెట్టి చేసినది. ఆ చెట్టు ఎదుగుటకు దశాబ్దములు పట్టును. నఱికి తినుట నిమిషముల పని. అడవులలో అది తరిగిపోవుటచే ప్రభుత్వము రక్షణ కల్పించి, దానిని కోయుటను నిషేధించెను. సంప్రదాయమునకు భంగమని గొణిగినవారున్నారు. అనాస లేక బూడిదగుమ్మడి మురబ్బా వేసినవారి కూరు ఏమియు చెడలేదు.

మన యింట విందునకు నొగాదాను చేయదలచినవారికి బజ్జీమిరపకంటె మించిన కాయ లేదు. లావై, కారము తక్కువై 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్లు చపాట మిరపను పండినది తెచ్చిన ఎఱుపు మఱింత సొగసు. పండ్రెండు కాయలకు పావుకిలో కైమా, ఒక ఆపిలు, గుప్పెడు ఎండుద్రాక్ష, కొంచెము బాదము, దాల్చినపొడి చిటికెడు, వీనిని ఉల్లితో మగ్గనిచ్చి, తడి ఇంకిపోవువఱకు వేయింపవలెను; లేనిచో కాయ చీలి కారును. శాకాహారులు కైమాకు బదులు పనీరును, పచ్చి కొబ్బరిని కలుపుకొనవచ్చును. మనకు పచ్చి అక్రోటు దొరకదు కావున, ఎండు పప్పును రాత్రంతయు నానబెట్టి తొక్క తీసి, పాలు, పనీరు, చెంచాడు చక్కెరతో రుబ్బుకొనవలెను. కూరిన కాయను గ్రుడ్డుసొనలో ముంచి వేయింపవలెనా, ఊరకనే వడ్డింపవలెనా యన్నది ప్యూబ్లావారిలోనే తేలని తగవు. పాకము జారక నిలుచునని ఒక పక్షము, మిరప వాసన మరుగున పడునని రెండవ పక్షము. నేను రెండవ పక్షమువాడను. ఒక సౌకర్యము మాత్రము ఇరుపక్షములకును సమ్మతమే: ఈ కాయను వేడిగా వడ్డింపనక్కఱలేదు. కావున ఉదయముననే కూరి యుంచి, అతిథులు వచ్చిన పిమ్మట పైన పాకము పోసి, దానిమ్మగింజలు చల్లి పళ్లెములు త్రిప్పవచ్చును.