కుంటలో ఐదొందలు, చింతూరులో నాలుగు వేలు

జగదల్‌పూర్ నుంచి విజయవాడ వైపు దిగే 30వ నంబరు జాతీయ రహదారి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ చివరి ఊరు కుంట దాటి ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు మండలంలోకి వస్తుంది. రెండు వైపులా కోయ గూడేలే, తెలుగు మాట రెండు చోట్లా చెల్లుతుంది. వృద్ధాప్య పింఛను దగ్గరే లెక్క మారుతుంది: చింతూరులో నెలకు 4,000 రూపాయలు, కుంటలో 500.

నిజానికి రెండింటి మూలమూ ఒకటే. 1995 ఆగస్టు 15న పి.వి. నరసింహారావు ప్రభుత్వం జాతీయ సామాజిక సహాయ పథకం కింద, 65 ఏళ్లు దాటిన నిరుపేదలకు నెలకు 75 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. బస్తర్ అప్పటికి మధ్యప్రదేశ్‌లో ఉంది. యూపీఏ ప్రభుత్వం 2006లో దాన్ని 200 చేసి, మరుసటి ఏడు ఇందిరాగాంధీ పేరు పెట్టింది. 2011లో అర్హత వయసును 60కి దించి, 80 దాటినవారికి 500 చేసింది. అక్కడితో సరి. 2014లో ఢిల్లీలో ప్రభుత్వం మారినా, 80 లోపు వారికి కేంద్రం వాటా ఆ 200 దగ్గరే ఉండిపోయింది. పేరు పెట్టినవారూ పెంచలేదు, తర్వాత వచ్చినవారూ పెంచలేదు.

పెంచే పని రాష్ట్రాల మీద పడింది. ఆంధ్రలో అది పార్టీల మధ్య వేలంపాటే అయింది. తెలుగుదేశం 2014లో 200ను 1,000, 2019 ఎన్నికల ముందు 2,000 చేసింది. వైఎస్సార్ కాంగ్రెస్ విడతలవారీగా 3,000కు తీసుకెళ్లింది. 2024లో తెలుగుదేశం కూటమి 4,000 చేసింది. తెలంగాణలో ఆసరా పింఛను 1,000తో మొదలై 2019లో 2,016కు చేరింది.

బస్తర్‌లో ఓట్లకు గాలం వేరు: ధాన్యం, తునికాకు. 2018లో కాంగ్రెస్ 60 దాటినవారికి 1,000, 75 దాటినవారికి 1,500 పింఛను ఇస్తామని ఎన్నికల ప్రణాళికలో రాసుకుంది. బస్తర్ డివిజన్‌లోని 12 అసెంబ్లీ సీట్లలో 11 గెలిచింది. క్వింటాలు ధాన్యానికి 2,500, తునికాకు బస్తాకు 4,000 వెంటనే అమలయ్యాయి. పింఛను మాత్రం 350 దగ్గరే ఆగి, ఎన్నికల ఏడాది 2023 బడ్జెట్‌లో 500కు చేరింది. ఈలోగా 2022లో భూపేశ్ బఘేల్ కాంగ్రెస్ ప్రభుత్వం ప్రభుత్వోద్యోగులకు పాత పింఛను పథకం తిరిగి తెచ్చి, కొత్త పథకంలో జమైన 17 వేల కోట్లకు పైగా సొమ్ము వెనక్కి ఇమ్మని కేంద్రంతో తగువు పడింది. ఉద్యోగులకు సంఘాలున్నాయి, సమ్మె ఉంది. అడవిలో ఇప్పపువ్వు ఏరుకునే ముసలాయనకు అవేవీ లేవు.

2023లో బీజేపీ ధాన్యానికి 3,100, తునికాకుకు 5,500, పెళ్లయిన స్త్రీలకు మహతారీ వందన్ కింద నెలకు 1,000 అని చెప్పి డివిజన్‌లో 8 సీట్లు గెలిచింది. మహతారీ వందన్ వితంతువులకూ వర్తిస్తుంది గానీ, అందులో ఒక మెలిక ఉంది. ఇప్పటికే 500 పింఛను అందుకునే అవ్వకు పథకం ఇచ్చేది పూర్తి వెయ్యి కాదు, వెయ్యికి తక్కువైన 500 మాత్రమే. ఇద్దరూ పింఛనుదారులైన ఇంట్లో అవ్వ చేతికి వెయ్యి, తాత చేతికి ఐదొందలు.

వైద్యం విషయంలో బస్తర్‌కు దేశపటంలో ప్రత్యేక స్థానమే దక్కింది. 2018 ఏప్రిల్ 14న బీజాపూర్ జిల్లా జాంగ్లాలో ప్రధాని మోదీ ఆయుష్మాన్ భారత్ తొలి ఆరోగ్య కేంద్రాన్ని ప్రారంభించారు. 2020 జనవరిలో కాంగ్రెస్ డాక్టర్ ఖూబ్‌చంద్ బఘేల్ పేరిట సొంత పథకం తెచ్చి పేద కుటుంబాలకు 5 లక్షల వరకు చికిత్స అంది. 2024 అక్టోబర్ 29న కేంద్రం, ఆదాయంతో పని లేకుండా 70 దాటిన అందరికీ 5 లక్షల బీమా ప్రారంభించింది. కార్డు మీద పేర్లు మారినా అంకె ఒకటే. అయితే కార్డు పనిచేసేది ఆసుపత్రి గుమ్మం దగ్గర. లోపలి ఊళ్ల నుంచి ఆ గుమ్మం దాకా రోగిని మోసుకెళ్లాల్సింది మంచం మీదే.

ఆ దూరాన్ని లెక్కలోకి తీసుకున్నది 2019 అక్టోబర్ 2న మొదలైన హాట్ బజార్ (వారపు సంత) క్లినిక్ పథకం. ఆసుపత్రికి రాలేనివారు సంతకు ఎలాగూ వస్తారు కనుక, డాక్టరు బండినే సంతకు పంపారు. ఉప్పు, ఎండుచేపల దుకాణాల పక్కన బీపీ చూసి మాత్రలిస్తారు. మళ్లీ చూపించుకోవాలంటే వచ్చే వారం సంతకు రావాలి.