కుందూ లోయ: నీరు పేర్చిన రాయి, నీరు తొలిచిన రాయి

బనగానపల్లె నుంచి యాగంటి వైపు వెళ్తుంటే కొండలన్నీ పైన కోసేసినట్టు చదునుగా కనిపిస్తాయి. నెత్తిన గట్టి పాణ్యం క్వార్ట్‌జైటు, దాని కింద మెత్తని అవుకు షేలు, ఇంకా కింద నార్జి సున్నపురాయి. పైపొర ఎండావానలకు ఓర్చుకుంటుంది. కింది షేలు పొడిపొడిగా రాలిపోతే, ఆసరా లేని అంచు బండలుగా విరిగిపడుతుంది. ఎర్రమల అంచులు ఇలాగే అరుగుతూ వచ్చాయి. ఈ కొండలకూ నల్లమలకూ నడుమ కుందూ దక్షిణంగా పారి పెన్నలో కలుస్తుంది.

ఈ సున్నపురాయి పుట్టిననాడు ఇక్కడ లోతు లేని సముద్రం ఉండేది. గవ్వ కట్టే జీవులు అప్పటికింకా పుట్టలేదు. సున్నపు బురద మాత్రం సన్నని పొరలుగా పేరుకుంది. బేతంచెర్ల గనిలో పనివాడు ఆ పొరల సందునే ఉలి పెట్టి వరసగా దెబ్బలు వేస్తాడు. నాపబండ పలకగా లేచి వస్తుంది, ఆనాటి సముద్రం అడుగు మళ్లీ వెలుగు చూస్తుంది. సీమ ఇళ్లలో నేల, అరుగు, మిద్దె కప్పు అన్నీ ఆ రాయే. అడుగున ఉన్న గులకరాతి పొరలో వజ్రాలు దొరకడంతో పేరంతా వాటికే దక్కింది గానీ, ఈ లోయకు అసలు సంపద నాపరాయే.

సముద్రం పోయాక వాన పని మొదలైంది. గాలిలో, మట్టిలో ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న నీరు పగుళ్ల వెంట దిగి రాతిని కరిగించింది. భూగర్భజల మట్టం పడిపోయాక ఆ దారులు గుహలుగా మిగిలాయి. బెలుం దగ్గర చదును చేలల్లో బావుల్లాంటి మూడు గోతులే పైకి కనిపించే గుర్తు. కింద 3,229 మీటర్ల సొరంగాలున్నాయి.

ఇలాంటివే అయిన బిల్లసర్గం గుహల గురించి బ్రిటిష్ సైనికాధికారి న్యూబోల్డ్ 1840ల్లోనే రాశాడు. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ పూనుకుని, కొడుకు హెన్రీ చేత తవ్వించాడు. మట్టిలో బయటపడిన ఎముకల్లో ఖడ్గమృగానివీ ఉన్నాయి! ఇవాళ ఎండకు మాడే ఈ నేలమీద అది మేసిందంటే వాతావరణం ఎంత మారిందో ఊహించుకోవచ్చు.

జుర్రేరు పక్కన జ్వాలాపురంలో దొరికింది ఇంకా అపురూపం. 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలి ఎగజిమ్మిన బూడిద ఇక్కడ దాదాపు 2.5 మీటర్ల మందాన పేరుకుంది. దాని కిందా పైనా ఒకే తీరు రాతి పనిముట్లు దొరకడంతో, ఆ ఉత్పాతం తర్వాతా మనుషులు ఇక్కడ నిలిచారని పురావస్తు శాస్త్రవేత్తలు పెట్రాగ్లియా, కోరిశెట్టర్‌ల బృందం 2007లో వాదించింది. వాదం ఇంకా తెగలేదు. సాక్ష్యం మాత్రం ఈ మట్టిలోనే ఉంది.

బెలుంను జర్మన్ గుహాన్వేషకుడు డేనియల్ గెబావర్ 1982-83లో కొలిచాడు. 2002లో పర్యాటకులకు తలుపు తెరిచారు. అయితే ఈ గుహలు ఏర్పడ్డ సున్నపురాయే పలకల గనులకూ సిమెంటు కర్మాగారాలకూ కావాలి. వాటి మీద బతికే కుటుంబాలను కాదనలేం. కానీ లీజు ఇచ్చేముందు నేల కింద గుహలున్నాయేమో కొలిచి తీరాలి. బిల్లసర్గం మట్టినీ జ్వాలాపురం బూడిదనూ గనుల లెక్కలో కలపకూడదు.