వైద్యశాలలో గురులాభము

వైద్యవిద్య సగము గ్రంథములవలనను, సగము పెద్దవైద్యుని వెంట రోగి మంచముకడ నిలుచుటవలనను అలవడునని ఆ వృత్తి నెఱిగినవారెల్ల నంగీకరింతురు. ఆ రెండవ సగము పురుషవిద్యార్థికి అడుగకయే లభించుచుండెను. వార్డులో చూపిన చురుకుదనముచే ఆచార్యుని కంటబడుట, సాయంకాలము వారి యింటికేగి నాలుగు మాటలు వినుట, చదువు ముగిసిన పిమ్మట సిఫారసు ఉత్తరముతో ఉద్యోగమునకు బయలుదేఱుట, ఇవి యే కళాశాల నిబంధనలలోను వ్రాయబడియుండలేదు. స్త్రీకి ఈ వ్రాయని దారులన్నియు మూసియుండినందున, ఆమెకు గురువు కాదలచినవాడు మొదట తలుపు తెఱపింపగల అధికారియై యుండవలసివచ్చెను.

చెన్నపురి వైద్యకళాశాల 1875లో నలుగురు స్త్రీలను చేర్చుకొనుటకు సర్జన్ జనరల్ ఎడ్వర్డు బాల్ఫరు అట్టి యధికారమే కారణమయ్యెను. ఆ నలుగురిలో నొకతెయైన మేరీ షార్లీబు బారిస్టరు భార్య. ఇక్కడి చదువు ముగించియు తృప్తినందక లండనునకేగి, ఎలిజబెత్తు గారెట్ ఆండర్సను మొదలగు స్త్రీవైద్యులు బోధించుచున్న పాఠశాలలో మరల శిష్యురాలై, 1882లో పట్టము వడసి, మఱుసటియేడు తిరిగివచ్చెను. గోషా స్త్రీల కామె నెలకొల్పిన ఆసుపత్రి నేటికిని తిరువల్లిక్కేణిలో కస్తూరిబా పేర నున్నది. ప్రవేశము పురుషుడిప్పించెను, గురుత్వమునకు మాత్రము సముద్రము దాటవలసెను.

హైదరాబాదు కథ వేఱు, నా దృష్టిలో ఎక్కువ విచిత్రమైనది. 1846లో స్థాపితమైన అచ్చటి వైద్యపాఠశాలకు 1885 ప్రాంతమున రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డు లారీ అధ్యక్షుడై, స్త్రీలను చేర్చుకొనెను. వారిలో రూపాబాయి ఫర్దూన్జీ యను పారశీక కన్య యుండెను. లారీ ఎడింబరోలో జేమ్సు సైము శిష్యుడు. క్లోరోఫారము నిచ్చునపుడు నాడిని గాక ఊపిరిని కనిపెట్టవలెనను సైము మతము నాతడు వేదముగా నమ్మి, దాని నిరూపించుటకై 1888లో నొకటి, 1889లో మఱొకటి విచారణ సంఘములను నడపెను; రెండవదానికి నిజాము వేయి పౌనులిచ్చి లండను నుండి లాడర్ బ్రంటనును రప్పించెను. ఈ వాదము చెలరేగుచున్న దినములలోనే రూపాబాయి అక్కడ చదువుచుండి, 1889లో హకీము పట్టమందెను. పట్టమైనవెంటనే గురుశిష్యసంబంధము తెగిపోలేదు. రోగికి మత్తునిచ్చు పని ఆమె చేతికి వచ్చి, రెసిడెన్సీ ఆసుపత్రిలోను, అఫ్జల్‌గంజులోను, జనానా వైద్యశాలలోను బహువత్సరములు నడచెను. శస్త్రచికిత్స చేయువాడు తన రోగి ప్రాణమును ఇంకొకరి చేతిలో నుంచుట సామాన్యమైన నమ్మకము కాదు.

లారీని స్త్రీజనోద్ధారకునిగా పొగడుట సులభమే కాని, ఆతనికి తన మతము ననుసరించి మత్తునిచ్చు చేతులు కావలసియుండెననియు, గోషా స్త్రీలు పురుషవైద్యుని ముందుకు రారనియు మఱువరాదు. అవసరమునుండి పుట్టిన గురుత్వమైనను గురుత్వమే. పైగా సైము సిద్ధాంతము పూర్తిగ నిలువలేదు; క్లోరోఫారము హృదయమునే ఆపివేయగలదని 1911లో గుడ్‌మను లెవీ నిరూపించెను. సైము విద్యాపీఠమో, 1869లో స్త్రీలను చేర్చుకొనియు పట్టమియ్యనొల్లక, వారిపై 1870లో అల్లరి జరుగ చూచి, 1873లో న్యాయస్థానముచే తన పక్షమునకు తీర్పు నొందెను. రూపాబాయి 1909లో ఆ ఎడింబరోకే పోయి భౌతిక రసాయన శాస్త్రముల నభ్యసించెను.

ఒక్కని దయపై నాధారపడిన విద్య ఆతడు పోయిన పిదప నిలుచునా యను సందేహము తీఱవలెనన్న, స్త్రీలే స్త్రీలకు గురువులగు స్థలములు కావలెను. ఫిలడెల్ఫియాలో స్త్రీల వైద్యకళాశాలయందు చదివిన అన్నా కుగ్లరు 1883లో గుంటూరికి వచ్చుటయు, 1918లో ఐడా స్కడరు వేలూరులో బాలికలకు వైద్యపాఠశాల తెఱచుటయు ఈ వరుసలోనివే. విశాఖపట్టణమున 1890లో పుట్టిన హిల్డా లాజరసు మద్రాసులో చదివి, స్త్రీవైద్యసేవాశాఖలో పెక్కేండ్లు పనిచేసి, చివరకు వేలూరు సంస్థకు తొలి భారతీయ అధ్యక్షురాలయ్యెను. స్త్రీలకై పుట్టిన ఆ కళాశాలలో పురుషవిద్యార్థులు చేరనారంభించినది 1947లో. తొలి బృందములలోని ఆ యువకులు చదువు సాగించినది ఈ విశాఖ స్త్రీ యధ్యక్షతలోనే.