చిన్న జెట్టు, చక్రాల పెట్టె

హైదరాబాదు నుంచి డాలస్‌కో షికాగోకో చేరి, అక్కణ్ణుంచి బెంటన్‌విల్, బ్లూమింగ్టన్ లాంటి ఊళ్లలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ఆఖరి అంచెలో తరచూ ఎదురయ్యే సంగతి ఇది. సముద్రాలు దాటొచ్చిన పెద్ద విమానంలో తలమీది అరలో ఇట్టే పట్టిన ట్రాలీ బ్యాగును చిన్న జెట్టు గుమ్మం దగ్గరే తీసేసుకుంటారు. చీటీ కట్టి, దిగాక ఇక్కడే ఇస్తామంటారు. లోపలికి వెళితే పొడుగువాళ్లు తల వంచి నడవాలి. సీట్లో కూర్చుంటే పక్కవారి భుజం తగులుతుంది. ఎందుకిలా అంటే, ఆ విమానపు గొట్టంలాంటి ఒంటి కొలతలు మొదట వేరే పనికోసం పుట్టాయి.

అమెరికాలో ఏళ్లపాటు ఊరూరా తిరిగిన 50 సీట్ల సీఆర్‌జే సంగతి చూడండి. 1976లో కెనడా ప్రభుత్వ సంస్థ కెనడేర్, లియర్‌జెట్ సృష్టికర్త బిల్ లియర్ దగ్గర వ్యాపారవేత్తలు తిరిగే జెట్టు నమూనా ఒకటి కొన్నది. లియర్ ఊహించింది సన్నటి విమానం. లోపల మనిషి నిలబడి నడిచే వీలుండాలని కెనడేర్ ఇంజనీర్లు దాన్ని వెడల్పు చేశారు. అది లియర్‌కు నచ్చక 'ఫ్యాట్ ఆల్బర్ట్' అని ఎద్దేవా చేశాడు. 1978 నవంబరులో అదే ఛాలెంజర్ పేరుతో ఎగిరింది. లియర్ ఈసడించిన ఆ వెడల్పే తరవాత అక్కరకొచ్చింది. నడవకు అటు రెండు, ఇటు రెండు సీట్లు పట్టాయి. 1986లో కెనడేర్‌ను బొంబార్డియర్ కొన్నది. 1989లో ఆ గొట్టాన్నే పొడిగించే పని మొదలైంది. 1991 మేలో ఆ కొత్త విమానం, అంటే సీఆర్‌జే, ఎగిరింది, 1992 చివర్లో లుఫ్తాన్సా సిటీలైన్ చేతికి వచ్చింది.

పదిమంది పెద్దమనుషులకు విశాలంగా ఉన్న చోట యాభైమందిని కూర్చోబెడితే ఏమవుతుందో అదే అయింది. కిటికీలు మరీ కిందికి ఉండిపోయాయి, బయటికి చూడాలంటే మెడ వంచాల్సిందే. ఈ ఇబ్బంది తయారీదార్లకూ తెలుసు. అందుకే 1999లో ఎగిరిన సీఆర్‌జే 700లో నేలను కాస్త దించి, కిటికీలను పైకి జరిపారు.

బ్రెజిల్‌లో ఎంబ్రాయర్‌ది ఇంకో దారి. డబ్బుకు కటకటలాడుతున్న రోజుల్లో ఆ సంస్థ, తన 30 సీట్ల ప్రొపెల్లర్ విమానం బ్రసీలియా గొట్టాన్నే సాగదీసి జెట్ ఇంజన్లు తగిలించింది. 1995 ఆగస్టులో ఎగిరిన ఈఆర్‌జే 145 అదే. లోపలి వెడల్పు 2.1 మీటర్లు, ఎత్తు 1.82 మీటర్లు. ఆరడుగుల మనిషికి తల ఆనుతుంది. నడవకు ఒకవైపు ఒక్కటే సీటు, రెండోవైపు రెండు. ఒంటి సీటువారికి కిటికీ, నడవ రెండూ దక్కుతాయి. నా లెక్కన చిన్న జెట్లలో అంతకన్న మంచి సీటు లేదు. కాకపోతే ఆ వైపు తలమీద సామాన్ల అర ఉండదు.

మొదటి సీఆర్‌జే, ఈఆర్‌జే 145 రెండూ యాభై సీట్ల దగ్గరే ఎందుకు ఆగాయి? ఒక కారణం, అమెరికా నిబంధనల ప్రకారం 50 సీట్ల దాకా క్యాబిన్ సిబ్బంది ఒక్కరు చాలు. రెండోది, పెద్ద ఎయిర్‌లైన్ల పైలట్ సంఘాలు తమ ఉద్యోగాలు పోకుండా, అనుబంధ సంస్థలు నడిపే విమానాల సైజుకు ఒప్పందాల్లో హద్దు పెట్టించుకోవడం.

ఇక పెట్టె. మొదట్లో విమానంలో తలమీద ఉన్నది తలుపులేని సన్నటి అటక. టోపీలు, కోట్లు, దుప్పట్లు అక్కడ పెట్టేవారు. తలుపులున్న అరలు బోయింగ్ 747 నాటికి గాని స్థిరపడలేదు. 1987లో నార్త్‌వెస్ట్ పైలట్ రాబర్ట్ ప్లాత్ తన పెట్టెకు రెండు చక్రాలూ, పైకి లాగే పిడీ అమర్చుకున్నాడు. ముందు తోటి సిబ్బంది అడిగి చేయించుకున్నారు, తరవాత ప్రయాణికులు ఎగబడ్డారు. 22 అంగుళాల పొడవు, 14 వెడల్పు, 9 మందం అనే కొలత అమెరికాలో మామూలైపోయింది. 2008లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ చెకిన్ చేసే మొదటి పెట్టెకే 15 డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టింది. మిగతావాటిలో చాలా సంస్థలు అదే బాట పట్టేసరికి జనం పెట్టెల్ని క్యాబిన్‌లోకే తెచ్చుకోసాగారు. ప్లాత్ పెట్టె, కెనడేర్ జెట్టు దాదాపు ఒకే కాలంలో రూపుదిద్దుకున్నాయి. ఒకదాని కొలత మరొకదానికి కుదరలేదు. అందుకే గుమ్మం దగ్గర ఆ చీటీ.

ప్రయాణికుణ్ణి ముందు పెట్టుకుని విమానాన్ని గీస్తే ఏమవుతుందో చూపింది మళ్లీ ఎంబ్రాయరే. 2002లో ఎగిరిన ఈ-170కి పాత గొట్టం వాడలేదు. వేర్వేరు సైజుల రెండు వృత్తాలను ఒకదానిమీద ఒకటి కలిపినట్టుగా కొత్త ఆకారం తీసుకున్నారు. పై భాగం కూర్చున్నవారికోసం, కింది భాగం సామాన్లకోసం. లోపలి వెడల్పు 2.74 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు. మధ్య సీటు అసలే లేదు. ట్రాలీ బ్యాగును పొడుగ్గా పెడితే అరలో పడుతుంది.

ఈ విమానాలు మన దగ్గరా తిరిగాయి. విజయవాడ కేంద్రంగా పుట్టిన ఎయిర్ కోస్టా 2013 అక్టోబరులో ఈ-170లతో మొదలై, తరవాత ఈ-190లు తెచ్చుకుంది. 2014లో సింగపూర్ ఎయిర్‌షోలో 50 కొత్తతరం ఎంబ్రాయర్లు కొంటామని ప్రకటించింది. అవి రాకముందే, 2017 ఫిబ్రవరి ఆఖర్లో ఆగిపోయింది. మధ్య సీటు లేని విమానం తెలుగు ప్రయాణికుడికి అలవాటవుతున్న వేళ అలా జరగడం నిజంగా నష్టమే. ఇప్పుడు స్టార్ ఎయిర్ ఈఆర్‌జే 145లూ ఈ-175లూ బెళగావి, కొల్హాపూర్ లాంటి ఊళ్లకు తిప్పుతోంది.

చిన్న జెట్టు ఎక్కబోయేవారు టికెట్‌లో విమానం పేరు చూసుకోండి. 50 సీట్ల సీఆర్‌జే 200, ఈఆర్‌జే 145 అయితే సీటు కింద పట్టే మెత్తటి సంచి తీసుకెళ్లండి. గుమ్మం దగ్గర ట్రాలీ అడిగితే ఇవ్వక తప్పదు. ఇచ్చేముందు మందులు, పాస్‌పోర్టు, నగలు తీసి దగ్గర పెట్టుకోండి. పవర్‌బ్యాంకు మాత్రం తప్పనిసరిగా తీసేయండి, లిథియం బ్యాటరీలు విడిగా సామాన్ల గదిలోకి వెళ్లకూడదు.