‘వద్దు’ అనే కొలువు

చికెన్ సెంటర్ పక్కన ఈకలు, పేగులు వేసే డ్రమ్ముకు మూత లేకపోతే ఏ ఊళ్లోనైనా మున్సిపాలిటీ వాళ్లకు ఈగలు, కంపు గుర్తొస్తాయి. శంషాబాద్‌లో విమానాశ్రయం ఉంది కాబట్టి గద్దలు కూడా గుర్తుకు రావాలి. విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల లోపు పశువులను కోయడం, తోలు తీయడం, పక్షులను రప్పించే చెత్త పారేయడం కుదరదని 1937 నాటి విమాన నిబంధనల్లో 91వది చెబుతుంది. మాంసం దుకాణాలు, చేపల అంగళ్లు, హోటళ్లు, ఎముకల మిల్లులు అందులో పేరుపేరునా ఉన్నాయి. నిబంధన ఢిల్లీది. బజారులో తిరిగి చూడాల్సింది మాత్రం శానిటరీ ఇన్‌స్పెక్టర్, ఆయన వెంట ఉండే జవాను.

శంషాబాద్‌లో కట్టడులన్నీ ఇలాగే పైనుంచి దిగాయి. ఒకటి నగరం తాగే నీళ్ల కోసం, ఇంకొకటి ఆకాశంలో పోయే విమానాల కోసం. ఊరివాళ్ల ముఖాన ‘వద్దు’ అనే పని కింది ఉద్యోగి నెత్తిన పడింది.

ఇది ఒకప్పుడు నిజాం కొలువులోని పాయిగా అమీర్ల జాగీరు. షంసుల్ ఉమ్రా అన్న వాళ్ల బిరుదు మీదే ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. పాయిగాలకు సొంత కచేరీలు, సొంత పోలీసు ఉండేవి. హైదరాబాద్ నగరానికి కొత్వాలు ఉండేవాడు. దొంగలను పట్టడమే కాదు, వీధుల బాగోగులు కూడా ఆయన చేతిలోనే. 1869లో నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ మున్సిపల్, రోడ్ల శాఖ పెట్టి కమిషనర్‌ను నియమించాడు. హైదరాబాదీలు నేటికీ ‘బల్దియా’ అనేది ఆ సంస్థ వారసత్వాన్నే. ఆ బల్దియా చెయ్యి అప్పట్లో ఇంత దూరం రాలేదు. శంషాబాద్ మండలంలో కొత్వాల్‌గూడ అనే ఊరుంది గానీ, ఇక్కడి జనం ఎరిగిన అధికారం పోలీస్ పటేల్, మాలీ పటేల్, పట్వారీలదే. 1949లో జాగీర్లు పోయాయి. పటేల్, పట్వారీలు మాత్రం ఎన్టీఆర్ ప్రభుత్వం 1980ల్లో రద్దు చేసేదాకా కదల్లేదు.

పైనుంచి వచ్చిన మొదటి పెద్ద కట్టడికి మూలం వరద. 1908 సెప్టెంబరులో మూసీ నగరాన్ని ముంచాక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. హిమాయత్‌సాగర్ 1927కు పూర్తయింది. వరద ఆపడానికి కట్టినవే నగరానికి తాగునీళ్లయ్యాయి. ఆ నీళ్లు పాడవకుండా 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దన్నారు. శంషాబాద్ మండలంలోని పల్లెలు చాలానే అందులో పడ్డాయి.

దేశ న్యాయశాస్త్ర పుస్తకాల్లోకి ఎక్కిన ఒక తగాదా ఈ మండలంలోనే నడిచింది. జీవోకు ముందే, 1995లో, ఒక కంపెనీ పెద్దషాపూర్‌లో 12 ఎకరాలు కొని ఆముదం ఆధారిత రసాయనాల ఫ్యాక్టరీ పెట్టబోయింది. కాలుష్య నియంత్రణ మండలి వద్దంది. ప్రభుత్వం మాత్రం ఆ ఒక్క పరిశ్రమకు 10 కిలోమీటర్ల నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చింది! అప్పిలేట్ అథారిటీ, హైకోర్టు కంపెనీ వైపే మొగ్గాయి. సుప్రీంకోర్టులో జస్టిస్ ఎం. జగన్నాథరావు ధర్మాసనం 1999లో ఒకసారి, 2000 డిసెంబరులో తుది తీర్పుగా మరోసారి మండలి పక్షాన నిలిచింది. హాని ఉండదని నిరూపించే బాధ్యత కట్టేవాడిదేనంది, మినహాయింపు చెల్లదంది. కింది ఆఫీసు చెప్పిన ‘వద్దు’ను పై ప్రభుత్వమే తీసిపారేస్తే, కోర్టు దాన్ని నిలబెట్టిన అరుదైన సందర్భమిది.

2008 మార్చిలో 5,500 ఎకరాల ప్రాంగణంలో రాజీవ్‌గాంధీ విమానాశ్రయం తెరుచుకుంది. అదే ఏడు నవంబరులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. భూముల ధర ఎకరాల లెక్క నుంచి గజాల లెక్కకు మారింది. విమానాశ్రయ ప్రాంతం కోసం పెట్టిన అభివృద్ధి సంస్థ ‘హడా’ను ఆ ఆగస్టులోనే మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏలో కలిపేశారు. ఇంత జరిగినా, అంతర్జాతీయ విమానాలు దిగే ఊరు మరో పదేళ్లు గ్రామపంచాయతీగానే ఉండిపోయింది. పంచాయతీ ముద్రతో లేఅవుట్లు, చేతిరాత పర్మిషన్లు నగర శివార్లంతటా మామూలే. 2020లో క్రమబద్ధీకరణకు పిలిస్తే రాష్ట్రమంతా కలిపి 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి.

2018లో శంషాబాద్ మున్సిపాలిటీ అయింది. టౌన్‌ప్లానింగ్ ఆఫీసరు, టేపు పట్టుకునే చైన్‌మన్ వచ్చారు. గొలుసు పోయి టేపు వచ్చినా ఉద్యోగం పేరు మారలేదు. నగర శివార్లలో వాళ్ల పని తీరు చూసినవాళ్లకు తెలుసు: శనివారం సాయంత్రం సెంట్రింగ్ బిగుస్తుంది, ఆఫీసుకు సెలవున్న ఆదివారం స్లాబు వేసేస్తారు. సోమవారం బ్రేకర్ తెచ్చి స్లాబుకు నాలుగు కన్నాలు పెడతారు, ఫొటో తీసుకుంటారు, ఫైల్లో ‘కూల్చివేశాం’ అని రాసుకుంటారు. నెల తిరక్కుండా ఆ కన్నాలకు సిమెంటు పడుతుంది. అది కూల్చడమూ కాదు, వదిలేయడమూ కాదు. అందరికీ తెలిసిన రాజీ.

ఆ రాజీని తెంచడానికే 2019 మున్సిపల్ చట్టం అనుమతి లేని కట్టడాన్ని నోటీసు లేకుండా కూల్చే అధికారమిచ్చింది. మరుసటి ఏడు టీఎస్-బీపాస్‌తో 75 గజాల లోపు ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. ముందు నమ్మడం, అబద్ధమని తేలితే పడగొట్టడం అన్నమాట. కాగితం మీద బాగుంది. కానీ తేల్చాల్సింది ఆ కొద్దిమంది ఉద్యోగులే.

2022లో 69 జీవో 111 జీవో ఆంక్షలను సడలించింది, నీటి నాణ్యత చెడకూడదన్న షరతుతో. 2024 జులైలో ఔటర్ దాకా చెరువులు, ప్రభుత్వ స్థలాలు కాపాడమని హైడ్రాను పెట్టారు. 2025 చివర్లో 27 శివారు పట్టణాలు జీహెచ్‌ఎంసీలో కలిశాయి. వాటిలో శంషాబాద్ ఒకటి. బల్దియా ఇక్కడికి చేరడానికి నూటయాభై ఏళ్లకు పైనే పట్టింది.

ఇప్పుడు ఇక్కడ పనిచేసే అధికారి ముందు రెండు ఆదేశాలున్నాయి. నోటీసు అక్కర్లేదంది 2019 చట్టం. కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వకుండా కూల్చొద్దని 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు దేశమంతటికీ చెప్పింది. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, నదులు, చెరువుల్లాంటి చోట్ల కట్టినవాటికి మాత్రం మినహాయింపు. కాబట్టి హిమాయత్‌సాగర్ పక్కన గోడ కనిపిస్తే ముందు తేలాల్సింది అది చెరువులో ఉందా, పట్టా భూమిలో ఉందా అన్నది. అందుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే మేర) హద్దులు కావాలి. ఆ హద్దులు గీసేది నీటిపారుదల, రెవెన్యూ శాఖలు. వాళ్ల నక్షా చేతికి వచ్చేదాకా టౌన్‌ప్లానింగ్ ఆఫీసరు వాళ్ల ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే.