సూర్యలంక సముద్రతీరం

సూర్యలంక ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలోని బాపట్ల జిల్లా, బాపట్ల మండలానికి చెందిన తీరగ్రామము. ఇది బంగాళాఖాతపు ఒడ్డున, బాపట్ల పట్టణానికి సుమారు 9 కి.మీ. దూరంలో ఉన్నది. ఇక్కడి ఇసుకతీరం తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల వారికి ఒక్కరోజు విహారయాత్రాస్థలంగా పేరుపొందినది. సెలవు దినాలలోను, కార్తీకమాసపు సముద్రస్నానాలకు జనం పెద్దసంఖ్యలో వస్తారు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడేవరకు ఈ గ్రామం గుంటూరు జిల్లాలో ఉండేది.

రవాణా సౌకర్యాలు

సమీప రైల్వేస్టేషను బాపట్ల. ఇది విజయవాడ - గూడూరు రైలుమార్గంలో ఉన్నది. తెనాలి నుండి ఇదే మార్గంలో నేరుగా రావచ్చును. రేపల్లె నుండి రైలులో వచ్చేవారు తెనాలి జంక్షనులో బండి మారవలెను. రేపల్లె, బాపట్లలను 216వ నంబరు జాతీయ రహదారి కలుపుతున్నది. బాపట్ల నుండి తీరానికి రోడ్డుమార్గం కలదు. రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ వారి హరిత రిసార్టు తీరంలోనే ఉన్నది.

చరిత్ర

ఈ తీరప్రాంతానికి సముద్రవ్యాపారంలో ప్రాచీనమైన చరిత్ర ఉన్నది. సూర్యలంకకు నైరుతి దిశగా, చినగంజాం మండలంలో ఉన్న మోటుపల్లి కాకతీయుల కాలంలో ప్రసిద్ధ రేవు. తుఫానుకు కొట్టుకువచ్చి ఒడ్డుచేరిన ఓడలలోని సరకులను పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారు. కాకతీయ గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పించి, నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని వర్తకులకు అభయమిస్తూ 1244-45లో మోటుపల్లిలో శాసనం వేయించాడు. 13వ శతాబ్దపు చివరలో వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఈ రేవును ముత్ఫిలి అనే పేరుతో వర్ణించాడు.

ఈశాన్య దిశగా, రేపల్లె వైపున ఉన్న నిజాంపట్నంలో డచ్చివారు 1606లో వర్తకస్థానం నెలకొల్పారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వారి ‘గ్లోబ్’ అనే ఓడ 1611లో ఇక్కడికి వచ్చి, తరువాత మచిలీపట్నం చేరినది. నిజాంపట్నం నేడు చేపలరేవుగా ఉన్నది.

విహారయాత్ర

ఇది తూర్పుతీరం కనుక సూర్యోదయం సముద్రంపై కనిపిస్తుంది. ఎండ ముదరకముందే తీరం చూసి, మధ్యాహ్నానికి పట్టణానికి తిరిగిరావడం అనుకూలము. బాపట్లలోని భావనారాయణస్వామి ఆలయం పురాతనమైనది. పట్టణానికి భావపురి అనే పేరు ఈ స్వామి వలననే వచ్చినది. 1913 మే నెలలో తొలి ఆంధ్ర మహాసభ బి.ఎన్.శర్మ అధ్యక్షతన ఈ పట్టణంలోనే జరిగినది. 1945లో స్థాపించబడిన వ్యవసాయ కళాశాల కూడా ఇక్కడ కలదు. సాయంత్రం వరకు సమయమున్నవారు చీరాల సమీపంలోని వాడరేవు తీరం చూడవచ్చును.

సూర్యలంకలో భారత వైమానిక దళ కేంద్రం ఉన్నది. ఇక్కడ క్షిపణి ప్రయోగాల విన్యాసాలు జరుగుతుంటాయి. కేంద్రం పరిధిలోకి సందర్శకులకు ప్రవేశం లేదు.

ప్రకృతి

ఆలివ్ రిడ్లే జాతి తాబేళ్ళు శీతాకాలం మొదలు వేసవి ఆరంభం వరకు ఈ తీరపు ఇసుకలో గుడ్లు పెడతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఇవి రక్షిత జంతువులు. వీటి గుడ్లను తీయడం, గూళ్ళను త్రవ్వడం నేరము. వలలలో చిక్కుకొని ఊపిరాడక చనిపోయిన తాబేళ్ళు తరచు ఒడ్డుకు కొట్టుకువస్తాయి. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవలతో చేపలవేట నిషేధము. నిజాంపట్నం నుండి కృష్ణానది ముఖద్వారం వరకు మడ అడవులు ఉన్నాయి.

ప్రమాదాలు, జాగ్రత్తలు

స్నానానికి దిగిన విద్యార్థులు, యువకులు మునిగి మరణించిన సంఘటనలు ఈ తీరంలో పలుమార్లు జరిగినవి. తీరం పల్లంగా, నీరు లోతులేనట్లు కనిపించడం వలన కొత్తవారు ధైర్యంగా ముందుకు పోతారు. అలలు ఒడ్డుకు తోసిన నీరు ఇసుకతిన్నెల నడుమ ఉన్న సందులగుండా వేగంగా సముద్రంలోకి మరలిపోతుంది. దీనిని రిప్ కరెంటు అంటారు. అటువంటి చోట అలలు విరగక నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. స్నానానికి అనువుగా తోచే ఆ చోటే అపాయకరము.

ఈ ప్రవాహంలో చిక్కినవారు ఒడ్డుకు ఎదురీదితే త్వరగా అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా ఈది, ప్రవాహం దాటిన తరువాత ఒడ్డువైపు తిరుగవలెను. ఈత రానివారు మోకాలి లోతు దాటరాదు. మునిగేవారిని రక్షించడానికి ఒకరి వెనుక ఒకరు దిగడం వలన మరణాల సంఖ్య పెరుగుతుంది. తాడు గాని, తేలే వస్తువు గాని విసిరి, మత్స్యకారులను, పోలీసులను పిలవడం మేలు.

తుఫాను హెచ్చరికలున్నపుడు ప్రయాణం మానుకొనవలెను. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో, రేపల్లెకు కృష్ణానది ఆవలనున్న దివిసీమలోను, పరిసర తీరంలోను 10,000 మందికి పైగా మరణించారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలోనే తీరం దాటినది.

ఇవి కూడా చూడండి

బాపట్ల
నిజాంపట్నం
మోటుపల్లి
దివిసీమ ఉప్పెన